బందీపూర్‌కు కారులో వెళ్తున్నారా? మ్యాప్‌ కన్నా ముందు గేటు టైం చూడండి

వేసవి సెలవులు. కారులో అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో అమ్మమ్మ. మైసూరులో ప్యాలెస్‌ చూసి, భోజనం చేసి, కాస్త షాపింగ్‌ చేసేసరికి చీకటి పడింది. ఫోన్లో మ్యాప్‌ చూస్తే బందీపూర్‌ మీదుగా గూడలూరుకు రెండున్నర గంటలు అని చూపిస్తోంది. ‘పదిన్నరకల్లా రూముకు చేరిపోతాం’ అనుకుని బయలుదేరారు. రాత్రి 9.15కి అడవి అంచున చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. గేటు వేసేశారు. మళ్లీ తీసేది ఉదయం 6 గంటలకే. రూముకు డబ్బు కట్టేశామన్నా, పిల్లలున్నారన్నా గేటు తియ్యరు. వెనక్కి గుండ్లుపేటకు వచ్చి, దొరికిన లాడ్జిలో సర్దుకోవాల్సిందే.

ఈ కుటుంబం ఊహే గానీ ఇబ్బంది నిజం. తెలుగు రాష్ట్రాల నుంచి వేసవిలో మైసూరు, బందీపూర్‌, ఊటీ వైపు సొంత కార్లలో వెళ్లేవారు చాలామంది. అందులో చాలామంది దారిని ఎంచుకునేది ఫోన్‌ చూపించే నిమిషాలను బట్టి, లేదా రీల్స్‌లో కనిపించిన అందాన్ని బట్టి. జాతీయ పార్కుకు వెళ్లే దారికి ఈ రెండూ చాలవు. ఇక్కడ దారిని నిర్ణయించేది అడవి గేటు. గేటు టైం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే ఏ అందమైన దారికి మీ దగ్గర సమయం ఉందో, దేనికి లేదో తేలిపోతుంది. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

అసలు బందీపూర్‌ ఎక్కడ ఉంది?

కర్ణాటకలోని చామరాజనగర జిల్లాలో, తమిళనాడు, కేరళ సరిహద్దులను ఆనుకుని ఉన్న జాతీయ పార్కు ఇది. 1973లో ప్రాజెక్ట్‌ టైగర్‌ మొదలైనప్పుడు దేశంలో ఎంపిక చేసిన తొలి 9 పులుల అభయారణ్యాల్లో ఇదొకటి. విస్తీర్ణం సుమారు 870 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన మోయార్‌ నదికి అవతల తమిళనాడు ముదుమలై, పడమటి వైపు కేరళ వయనాడ్‌, వాయవ్యంలో కబిని అవతల నాగరహొళె ఉన్నాయి. నాలుగూ కలిసి ఒకే పెద్ద అడవి. 1986లో ఏర్పాటైన నీలగిరి జీవావరణ మండలంలో ఇవన్నీ భాగమే.

మైసూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 220 కిలోమీటర్ల దూరం. హైదరాబాద్‌ నుంచి బెంగళూరుకే 570 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, మనకు ఇది ఒక్క రోజు ప్రయాణం కాదు. కనీసం ఒక రాత్రి మధ్యలో ఆగాలి.

గేటు ఎందుకు మూస్తారు? ఏయే రోడ్ల మీద?

మైసూరు నుంచి వచ్చే రోడ్డు గుండ్లుపేట దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి ఎన్‌హెచ్‌-766, కేరళలోని సుల్తాన్‌ బత్తేరి వైపు వెళ్తుంది. రెండోది ఎన్‌హెచ్‌-181, బందీపూర్‌, ముదుమలై మీదుగా గూడలూరు, ఊటీ వైపు వెళ్తుంది. రెండూ అడవి మధ్యలోంచే పోతాయి. రెండింటి మీదా 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాల రాకపోకలపై నిషేధం ఉంది. అంబులెన్సుల వంటి అత్యవసర వాహనాలకు, పరిమిత సంఖ్యలో ప్రభుత్వ బస్సులకు మాత్రమే మినహాయింపు. కేరళ వైపు నుంచి ఏళ్ల తరబడి అభ్యంతరాలు వచ్చినా, కోర్టుల్లో వాదనలు జరిగినా నిషేధం కొనసాగుతూనే వచ్చింది.

కారణం సులభమే. పగటి ఎండకు వేడెక్కిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. పాములు, కొన్ని పక్షులు ఆ వెచ్చదనం కోసం రోడ్డు మీదికి వస్తాయి. హెడ్‌లైట్‌ కళ్లలో పడితే దుప్పి పారిపోదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. ఏనుగుల గుంపు రోడ్డు దాటేటప్పుడు ముందు పెద్దవి, మధ్యలో పిల్లలు, వెనక మరికొన్ని వస్తాయి. ముందున్నది దాటగానే దారి ఖాళీ అయిందనుకుని కారు ముందుకు పోనిస్తే ప్రమాదం అటూ ఇటూ రెండువైపులా. రాత్రి వాహనాలు ఢీకొని జంతువులు చనిపోతుండటంతోనే ఈ నిషేధం వచ్చింది.

హైదరాబాద్‌ వాళ్లకు ఇది కొత్త కాదు. శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కూడా రాత్రి 9 దాటితే బండి ముందుకు పోదు. తేడా ఏమిటంటే శ్రీశైలం దారి మనకు అలవాటు కాబట్టి ఆ లెక్కతోనే బయలుదేరతాం. బందీపూర్‌ విషయంలో ఆ లెక్క మర్చిపోతాం.

ఇంకో జాగ్రత్త. ‘ఈ రోడ్డు మూస్తే పక్క రోడ్డులో పోదాం’ అనుకోవద్దు. మైసూరు నుంచి బావలి మీదుగా కేరళలోని మానంతవాడికి వెళ్లే రోడ్డు నాగరహొళె అడవిలోంచి పోతుంది. అది ఇంకా ముందే, సాయంత్రం 6కే మూసి ఉదయం 6కు తెరుస్తారు. ప్రతి అడవి రోడ్డుకూ దాని టైం దానిదే.

దారి 1: ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగంగా

బెంగళూరు – మైసూరు – నంజనగూడు – గుండ్లుపేట – బందీపూర్‌. ఎక్కువ మంది వెళ్లే దారి ఇదే.

బెంగళూరు, మైసూరు మధ్య 119 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2023లో అందుబాటులోకి వచ్చింది. కార్లకు వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. కెమెరాలు ఉన్నాయి, పరిమితి దాటితే చలానా నేరుగా ఫోన్‌కు వస్తుంది. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు 2023 ఆగస్టు 1 నుంచి ప్రధాన రోడ్డు మీదికి అనుమతి లేదు. బైక్‌ మీద వెళ్లేవారు పక్కన ఉన్న సర్వీసు రోడ్డులోనే పోవాలి. అంటే వారికి ఈ దారి ‘వేగవంతం’ కాదు.

చూడటానికి ఈ రోడ్డులో పెద్దగా ఏమీ ఉండదు. పాత రోడ్డు మీద రామనగర, చన్నపట్టణ, మద్దూరు ఊళ్ల మధ్యలోంచి వెళ్లేవాళ్లు. చన్నపట్టణ కొయ్యబొమ్మలు, మద్దూరు వడ ఆ దారి గుర్తులు. ఇప్పుడు ఆ ఊళ్లన్నీ బైపాస్‌ అయిపోయాయి. బొమ్మలు కొనాలంటే కావాలని రోడ్డు దిగాలి.

అసలు అందం మైసూరు దాటాక మొదలవుతుంది. నంజనగూడు దగ్గర కపిలా నది, శ్రీకంఠేశ్వర ఆలయం. అక్కడి నుంచి గుండ్లుపేట దాకా రెండువైపులా పొలాలు. గుండ్లుపేట దాటగానే ఎదురుగా నీలగిరి కొండల గీత కనిపిస్తుంది.

ఎవరికి మంచిది: అదే రోజు మధ్యాహ్నం సఫారీ ఉన్నవారికి, చిన్న పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి, ఎండలో కారులో ఎక్కువసేపు కూర్చోలేనివారికి.

దారి 2: కనకపుర మీదుగా కావేరి పక్కన

బెంగళూరు – కనకపుర – మళవళ్లి – కొళ్లేగాల – యళందూరు – చామరాజనగర – గుండ్లుపేట – బందీపూర్‌. చామరాజనగర దాకా ఇది ఎన్‌హెచ్‌-948.

చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, కిలోమీటర్ల లెక్కలో ఈ దారికీ మొదటి దారికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా సమయంలోనే. ఊళ్లు, మలుపులు, స్పీడ్‌ బ్రేకర్లు ఎక్కువ. ఆగకుండా వెళ్లినా గంట, గంటన్నర అదనంగా పడుతుంది. ఆ గంటన్నరకు బదులుగా మీకు దొరికేవి: కనకపుర చుట్టూ రాతికొండలు, మళవళ్లి దగ్గర చెరుకు, వరి పొలాలు, కొళ్లేగాల పట్టు, యళందూరు దాటుతుంటే ఎడమవైపు బిళిగిరి రంగన కొండల వరస.

మళవళ్లి, కొళ్లేగాల మధ్య శివనసముద్ర ఉంది. కావేరి ఇక్కడ రెండు పాయలుగా చీలి గగనచుక్కి, బరచుక్కి జలపాతాలుగా దూకుతుంది. 1902లోనే ఇక్కడ జలవిద్యుత్‌ తయారు చేసి కోలార్‌ బంగారు గనులకు పంపారు. ఇంటర్నెట్‌లో కనిపించే నురగలు కక్కే ఫొటోలు మాత్రం వానాకాలంవి. ఏప్రిల్‌, మే నెలల్లో చాలాచోట్ల బండరాళ్ల మధ్య సన్నటి ధారలే ఉంటాయి. ఈ జలపాతం కోసమే వేసవిలో దారి మార్చుకుంటే నిరాశ తప్పదు. దారిలో ఉంది కాబట్టి ఒక అరగంట ఆగుదాం అనుకుంటే బాగుంటుంది. నీళ్లు తక్కువగా ఉన్నాయి కదా అని పిల్లలతో కావేరిలోకి దిగొద్దు. రాళ్ల మధ్య లోతు పైనుంచి తెలియదు.

వేసవిలో ఈ దారిలో తప్పక చూడదగ్గది సోమనాథపుర. హొయసల కాలపు కేశవాలయం, 13వ శతాబ్దం నాటిది. బేలూరు, హళేబీడులతో పాటు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మళవళ్లి దగ్గర ప్రధాన రోడ్డు వదిలి కుడివైపు వెళ్లాలి. గుడి చూశాక మళ్లీ మళవళ్లికి రానక్కర్లేదు. టి.నరసీపుర, నంజనగూడు మీదుగా గుండ్లుపేటకు వెళ్లిపోవచ్చు. గుడి చూడటానికీ దారి మళ్లినందుకూ కలిపి రెండు గంటలు వేసుకోండి.

ఎవరికి మంచిది: తెల్లవారకముందే బెంగళూరు దాటగలిగినవారికి, ఆ రోజు సఫారీ పెట్టుకోనివారికి, బైక్‌ మీద వెళ్లేవారికి.

దారి 3: బెంగళూరు ముఖం చూడకుండా

హైదరాబాద్‌ నుంచి వచ్చేవారికి బెంగళూరు ట్రాఫిక్‌ ఒక్కటే రెండు గంటలు తినేయొచ్చు. దాన్ని తప్పించుకోవాలంటే కర్నూలు దగ్గర ఎన్‌హెచ్‌-44 వదిలి బళ్లారి వెళ్లి, అక్కడ ఎన్‌హెచ్‌-150ఏ పట్టుకోవాలి. చళ్లకెరె, హిరియూరు, హుళియారు, చిక్కనాయకనహళ్లి, నాగమంగల, పాండవపుర, శ్రీరంగపట్నం మీదుగా అది మైసూరు చేరుతుంది.

ఈ దారిలో దృశ్యం మెల్లగా మారుతుంది. బళ్లారి ఎర్రనేల, తర్వాత చిత్రదుర్గ జిల్లా గాలిమరలు, హిరియూరు దగ్గర కొండల మధ్య వాణీవిలాస సాగర్‌, చిక్కనాయకనహళ్లి దాటాక కొబ్బరితోటలు, చివరికి శ్రీరంగపట్నం దగ్గర కావేరి. మెట్ట నుంచి మాగాణికి ఒకే రోజులో దిగినట్టు ఉంటుంది.

అయితే దీనికో షరతు. ఎక్కువ భాగం రెండు వరుసల రోడ్డే. ఎదురుగా లారీలు, మధ్యమధ్యలో ట్రాక్టర్లు వస్తాయి. రాత్రిపూట ఈ దారి పెట్టుకోవద్దు. పగలంతా పడుతుంది కాబట్టి మైసూరులో పడుకుని, మర్నాడు పొద్దున్నే అడవికి వెళ్లేలా చూసుకోండి.

ఎన్‌హెచ్‌-44 మీదే వెళ్లేవారు నగరంలోకి పోకుండా దొడ్డబళ్లాపుర, దాబస్‌పేట వైపు శాటిలైట్‌ రింగు రోడ్డు మీదుగా తుమకూరు రోడ్డుకు వచ్చి, అక్కడి నుంచి నైస్‌ రోడ్డు ఎక్కితే మైసూరు రోడ్డు, కనకపుర రోడ్డు రెండూ దొరుకుతాయి. మొదటి రోజు మధ్యలో ఆగి చూడాలనుకుంటే లేపాక్షి మంచి చోటు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగితే 15 కిలోమీటర్ల లోపే. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవారు నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కోలారు మీదుగా బెంగళూరు చేరి, అక్కడి నుంచి మొదటి రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

వెనక్కి లెక్క ఇలా వేయండి

ముందు ఒక కాగితం మీద చివరి టైం రాయండి. అక్కడి నుంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పైకి రండి.

అదే రోజు మధ్యాహ్నం సఫారీ ఉంటే: మధ్యాహ్నం 2కల్లా సఫారీ కౌంటర్‌ దగ్గర ఉండాలి. భోజనానికి గుండ్లుపేటలో ముప్పావు గంట. అంటే 12.45కు గుండ్లుపేట. మైసూరు నుంచి గుండ్లుపేటకు గంటన్నర. అంటే 11.15కు మైసూరు దాటాలి. బెంగళూరు నుంచి మైసూరుకు, నగరం దాటడంతో కలిపి మూడు గంటలు. టీకి, పిల్లలకు అరగంట. మరో అరగంట చేతిలో ఉంచుకోండి. బయలుదేరాల్సింది ఉదయం 7.15కు. ఇది మొదటి దారి. రెండో దారి అయితే 5.30కే కదలాలి, సోమనాథపుర వదులుకోవాలి.

సఫారీ లేకుండా కేవలం బందీపూర్‌ దాటి గూడలూరు లేదా ఊటీ వెళ్లాలంటే: రాత్రి 9 అని రాయొద్దు, సాయంత్రం 5 అని రాయండి. ఎందుకంటే 8.55కు గేటు దాటినా ముందు ముదుమలై అడవి, ఆ తర్వాత ఘాట్‌ రోడ్డు ఉన్నాయి. కొత్త చోట, చీకట్లో, అలసిపోయిన డ్రైవర్‌తో ఆ మలుపులు ఎక్కడం మంచిది కాదు. పైగా అందం కోసం వచ్చిన దారిని చీకట్లో దాటితే ఏం చూసినట్టు? మే నెలలో ఇక్కడ సాయంత్రం ఆరున్నర దాటాక వెలుతురు తగ్గిపోతుంది. 5కు గుండ్లుపేట దాటితే అడవి మొత్తం వెలుతురులోనే చూస్తారు.

ఈ లెక్కలో ఎక్కడైనా సమయం చాలకపోతే అందమైన మళ్లింపును తీసేయండి. ప్రయాణం వేగాన్ని పెంచొద్దు. తిరుగు ప్రయాణంలో ఆ దారి మళ్లీ దొరుకుతుంది.

వేసవిలో అడవి పచ్చగా ఉంటుందా?

ఉండదు. ఇది ముందే తెలుసుకోవాలి. బందీపూర్‌ ఎక్కువగా ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి చెట్లు బోడిగా, గడ్డి ఎండిపోయి గోధుమరంగులో ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో ఇక్కడ పెద్ద కార్చిచ్చు వచ్చింది, వేల ఎకరాలు తగలబడ్డాయి. అందుకే వేసవిలో సిగరెట్‌ పీక విసిరినా, రోడ్డు పక్కన వంట చేసినా అటవీశాఖ ఊరుకోదు.

కానీ ఆకులు లేకపోవడమే చూపరులకు లాభం. పొదల వెనక ఏముందో కనిపిస్తుంది. నీటి గుంటలు తగ్గిపోవడంతో ఏనుగులు, అడవిదున్నలు, దుప్పులు మిగిలిన కొన్ని గుంటల దగ్గరికే చేరతాయి. ఏప్రిల్‌, మే నెలల్లో ఒకటి రెండు వానలు పడితే వారం తిరిగేలోగా లేత గడ్డి మొలుస్తుంది. పచ్చదనమే కావాలనుకుంటే జులై తర్వాత రండి. జంతువులు కావాలనుకుంటే వేసవే మంచిది.

సఫారీ: బుకింగ్‌ చేసుకునే ముందు

సఫారీ అధికారికంగా కర్ణాటక అటవీశాఖ, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జంగిల్‌ లాడ్జెస్‌ అండ్‌ రిసార్ట్స్‌ ద్వారానే జరుగుతుంది. సొంత కారును సఫారీ దారుల్లోకి అనుమతించరు. అటవీశాఖ సఫారీ కౌంటర్‌ బందీపూర్‌ క్యాంపస్‌లో కాకుండా, గుండ్లుపేట వైపు నుంచి కాస్త ముందే వచ్చే మేలుకామనహళ్లిలో ఉంటుంది. టికెట్‌ మీద రాసిన చోటు ఒకసారి చూసుకుని వెళ్లండి. దాటిపోయి వెనక్కి తిరిగేవారు ఎక్కువ.

సఫారీ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. 2025 నవంబరులో అడవి అంచు గ్రామాల్లో మనుషులపై పులుల దాడుల తర్వాత బందీపూర్‌, నాగరహొళెల్లో సఫారీలను ప్రభుత్వం నిలిపేసింది. కాబట్టి బయలుదేరే వారం అధికారిక వెబ్‌సైట్‌లో సఫారీ నడుస్తోందో లేదో చూడండి. టికెట్‌ చేతికి వచ్చాకే రూము డబ్బు కట్టండి. సఫారీ లేకపోయినా బాగుండే దారిని ఎంచుకుంటే, ఒక్క రద్దుతో ప్రయాణం మొత్తం పాడు కాదు.

సఫారీ దొరకనివారికి మరో మార్గం హిమవద్‌ గోపాలస్వామి బెట్ట. పార్కు లోపల 1,450 మీటర్లకు పైగా ఎత్తున్న కొండ, పైన వేణుగోపాలస్వామి గుడి. సొంత వాహనాలను కింద ఆపేస్తారు. అక్కడి నుంచి ప్రభుత్వ బస్సులోనే పైకి వెళ్లాలి. సాయంత్రం వరకు బస్సులు ఉండవు, కాబట్టి ఉదయమే వెళ్లడం మేలు.

అడవి రోడ్డులో ఏం చేయకూడదు?

ఆగకూడదు. దిగకూడదు. తినడానికి ఏమీ పెట్టకూడదు. హారన్‌ కొట్టకూడదు. ఇవి మర్యాద కోసం చెప్పే మాటలు కావు, చట్టం. 2025 ఆగస్టులో బందీపూర్‌ రోడ్డు మీద కారు దిగి ఏనుగుతో సెల్ఫీ తీసుకోబోయిన పర్యాటకుడిని అది తరిమి తొక్కింది. అతను ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాత అటవీశాఖ రూ.25 వేల జరిమానా వేసింది.

ఏనుగు రోడ్డు మీద కనిపిస్తే దూరంగా ఆపి, ఇంజన్‌ ఆన్‌లోనే ఉంచి, అద్దాలు మూసి వేచి ఉండండి. చివరిది దాటిందని తెలిశాకే కదలండి. ముందున్న కారును దాటి వెళ్లడానికి ప్రయత్నించొద్దు. పిల్లలకు బాత్రూమ్‌ పని గుండ్లుపేటలోనే ముగించండి. అడవి మధ్యలో ‘ఒక్క నిమిషం’ అనే మాట ఉండకూడదు.

ఊటీ దాకా వెళ్లాలంటే?

ముదుమలైలోని తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. మసినగుడి, కల్లట్టి మీదుగా వెళ్లేది దగ్గరి దారి. కానీ 36 హెయిర్‌పిన్‌ మలుపులు, చాలా నిటారు. బ్రేకులు వేడెక్కి జరిగిన ప్రమాదాల వల్ల బయటి జిల్లాల వాహనాలకు ఇక్కడ ఆంక్షలు ఉన్నాయి, ముఖ్యంగా ఊటీ నుంచి కిందికి దిగడానికి. గూడలూరు, నడువట్టం, పైకారా మీదుగా వెళ్లేది సుమారు 30 కిలోమీటర్లు ఎక్కువ. అయినా వెడల్పు రోడ్డు, టీ తోటలు. కొండ రోడ్డు అలవాటు లేనివారికి ఇదే సరైనది. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ ఉండకుండా, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

నీలగిరి జిల్లాలోకి బయటి వాహనాలకు ఈ-పాస్‌ తప్పనిసరి. మద్రాస్‌ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలే అని పరిమితి కూడా పెట్టారు. మామూలు రోజుల్లో 6 వేలు, శని ఆదివారాల్లో 8 వేలు. పాస్‌ ఉచితం, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. డబ్బు అడిగే సైట్‌ అయితే అది నకిలీ. మీరు వెళ్లే నెలకు పరిమితి ఎంతో తమిళనాడు ప్రభుత్వ పోర్టల్‌లో చూసి, తేదీ ఖాయం చేసుకున్నాకే రూము బుక్‌ చేయండి. నీలగిరిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ నిషేధం. చెక్‌పోస్టులో చిన్న వాటర్‌ బాటిళ్లు తీసేసుకుంటారు. స్టీలు సీసాలు పెట్టుకోండి.

బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

ఫాస్టాగ్‌: బ్యాలెన్స్‌ సరిపోతుందా? సొంత కార్ల కోసం 2025 ఆగస్టు 15న రూ.3,000తో మొదలైన వార్షిక పాస్‌ ఉంటే జాతీయ రహదారుల టోల్‌ గేట్లలో ఏడాదిలో 200 సార్ల వరకు పనిచేస్తుంది. నైస్‌ రోడ్డు వంటి చోట్ల పనిచేయదు, అక్కడ విడిగా కట్టాలి.

కాగితాలు: లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్‌లో ఉంటే చాలు. బీమా, పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ గడువు చూడండి. సెల్ఫ్‌డ్రైవ్‌ అద్దె కారు అయితే కర్ణాటక, తమిళనాడుల్లోకి పర్మిట్‌ ఉందో లేదో కారు ఇచ్చినవారిని లిఖితపూర్వకంగా అడగండి.

టైర్లు: గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. అరిగిన టైరుతో వేసవి హైవే ఎక్కొద్దు. స్టెప్నీలో కూడా గాలి ఉండాలి.

ఇంధనం: గుండ్లుపేటలో ట్యాంకు నింపండి. ఆ తర్వాత అడవే.

ఫోన్‌: అడవిలో సిగ్నల్‌ నమ్మలేం. మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. రూము చిరునామా, ఫోన్‌ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

నంబర్లు: జాతీయ రహదారి మీద బండి ఆగినా, ప్రమాదం జరిగినా 1033. పోలీసు, అంబులెన్సు ఏదైనా 112.

డ్రైవర్‌: మొదటి రోజు 570 కిలోమీటర్లు నడిపినవారే రెండో రోజు కూడా నడపాల్సి వస్తే, ఆ రెండో రోజుకు మొదటి దారినే పెట్టుకోండి. ఎంత అందమైన దారి అయినా నిద్రకళ్లకు కనిపించదు.

చివరగా, దారి ఖాయం చేసుకున్నాక ఇంట్లో అందరికీ ఒక టైం చెప్పండి: ‘ఇన్నింటికల్లా గుండ్లుపేట దాటాలి’. ఆ టైం అందరికీ తెలిసి ఉంటే మైసూరులో షాపింగ్‌ ఎక్కడ ఆపాలో, టీకి ఎంతసేపు ఆగాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమ్మమ్మే ముందు లేచి ‘పదండి, గేటు వేసేస్తారు’ అంటుంది.